రీస్టార్ట్‌ చేస్తే సరి.. మళ్లీ పదకొండింటికి అదే వరస!

పరీక్ష రుసుము చెల్లింపునకు చివరి రోజు. కళాశాల కార్యాలయం ఎదుట విద్యార్థులు బారులు తీరి ఉంటారు. కౌంటరులోని గుమాస్తా వివరాల ఫోల్డరును తెరవబోతే తెరపై ఒక సందేశం ప్రత్యక్షమవుతుంది. ఈ కంప్యూటరు స్వీకరించగలిగినన్ని కనెక్షన్లు ఇప్పటికే ఉన్నాయని, కొత్తగా మరొకటి కుదరదని దాని సారాంశం. ‘సర్వర్‌ డౌన్‌.. భోజనం తర్వాత రండి’ అన్న మాట క్షణాల్లో వరుస చివరి వరకు పాకుతుంది. పల్లెల నుంచి ఉదయం బస్సుకు వచ్చిన వారు ఉసూరుమంటూ చెట్ల కిందకు చేరుతారు. కళాశాలల్లోనే కాదు, నలుగురూ ఒకే ఫోల్డరులో పనిచేసే ఏ కార్యాలయంలోనైనా రద్దీ వేళ తలెత్తే చిక్కు ఇది.

అసలు సర్వరే లేదు!

ఇలాంటి చాలాచోట్ల నిజానికి సర్వర్‌ అన్నదే ఉండదు. గది మూలనున్న మామూలు డెస్క్‌టాప్‌లోని ఒక ఫోల్డరును ‘షేర్‌’ చేసి అందరికీ అదే సర్వరని చెబుతారు. అయిదారుగురు పనిచేసినంత కాలం ఏ ఇబ్బందీ రాదు. కౌంటర్లు, లాప్‌టాప్‌లు పెరిగి యంత్రాల సంఖ్య పాతికకు చేరగానే ఈ ఏర్పాటు చతికిలబడుతుంది.

మామూలు విండోస్‌కు మైక్రోసాఫ్ట్‌ విధించిన హద్దే ఇందుకు కారణం. పాత ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో ఒకేసారి 10 యంత్రాలకు, హోమ్‌లో 5 యంత్రాలకు మాత్రమే అనుమతి ఉండేది. విండోస్‌ 7, 10, 11లలో ఆ సంఖ్య 20. ఇరవై ఒకటో యంత్రానికి తలుపు మూతే. ర్యామ్‌ ఎంత పెంచినా ఈ లెక్క మారదు. అదే డెస్క్‌టాప్‌ ద్వారా ప్రింటరును పంచుకుంటే ఆ కనెక్షన్లూ ఇందులోకే వస్తాయి.

రీస్టార్ట్‌ చేయగానే పాత కనెక్షన్లన్నీ తెగిపోయి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. జబ్బు నయమైందన్న భ్రమ కలిగేది ఇక్కడే. మెకానిక్‌ వచ్చేది సాయంత్రం అయిదింటికి. అప్పటికి సగం యంత్రాలు కట్టేసి ఉంటాయి, ఫోల్డరు చక్కగా తెరుచుకుంటుంది. ‘వైరస్‌ తీసేశాం’ అని రాసి బిల్లు తీసుకుని వెళతాడు. మర్నాడు పదకొండింటికి కథ మళ్లీ మొదలు. మాట పడేది మాత్రం కౌంటరులోని చిరుద్యోగే.

రద్దీ వేళే చూడాలి

కనుక పరీక్ష చేయవలసింది పని ఆగిన ఆ క్షణంలోనే. పంచుతున్న యంత్రంలో అడ్మినిస్ట్రేటర్‌ హోదాలో కమాండ్‌ ప్రాంప్ట్‌ తెరిచి ‘నెట్‌ సెషన్‌’ అని కొడితే ఎవరెవరు కలిసి ఉన్నారో, ఎంతసేపటి నుంచి ఖాళీగా ఉన్నారో తెలుస్తుంది. సంఖ్య 20 వద్ద ఆగి ఉంటే దోషం తీగలది కాదు, వైరస్‌ది అంతకన్నా కాదు. ఖాళీ కనెక్షన్లు సాధారణంగా 15 నిమిషాలకు వాటంతటవే తెగిపోతాయి. ఫైలు తెరిచి ఉంచి టీకి వెళ్లిన వారి కనెక్షన్‌ మాత్రం తెగదు. అలాగని బలవంతంగా తెంచితే రాస్తున్న ఫైలు చెడే ప్రమాదముంది. యాక్సెస్‌లో నడిచే డేటాబేస్‌ అయితే మరీ సున్నితం.

కనెక్షన్లు పదో పన్నెండో ఉండి, ఫోల్డరు తెరుచుకున్నా నత్తనడక నడుస్తుంటే కారణం వేరు. తిరిగే హార్డ్‌డిస్క్‌ చెల్లాచెదురుగా ఉన్న చిన్న పనులను సెకనుకు సుమారు వంద మాత్రమే చేయగలదు. అదే సమయంలో యాంటీవైరస్‌ తనిఖీ, బ్యాకప్‌ మొదలైతే అందరూ ఆగవలసిందే. ఆ రెంటినీ రాత్రికి మార్చడానికి పైసా ఖర్చు లేదు. తీగనూ చూడాలి. గిగాబిట్‌ వేగానికి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ పనిచేయాలి. ఒక్కటి తెగినా వేగం 100 మెగాబిట్లకు పడిపోవచ్చు. అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు, అదీ అందరికీ కలిపి.

20 దాటిన చోట చిట్కాలు పనికిరావు. సర్వర్‌ విండోస్‌ కొంటే వాడే వారి సంఖ్యను బట్టి విడిగా లైసెన్సులు కావాలి. ఉచితంగా లభించే లినక్స్‌, సాంబాలతో పాత డెస్క్‌టాప్‌నే ఫైల్‌ సర్వర్‌గా మార్చవచ్చు, అందులో ఈ ఇరవై హద్దు లేదు. నిర్వహణ తెలిసిన మనిషి మాత్రం ఒకరుండాలి. హద్దు ఎత్తేస్తామంటూ విండోస్‌ ఫైళ్లను మార్చే వారిని దగ్గరకు రానీయరాదు. అది లైసెన్సు ఉల్లంఘన, పైగా యంత్రం భద్రతకే ముప్పు.

పాత జిరాక్సు యంత్రం స్కాన్లను ఫోల్డరుకు పంపడం లేదని ఎస్‌ఎంబీ తొలి వెర్షన్‌ను తిరిగి తెరిచే అలవాటు మరీ ప్రమాదకరం. 2017 మేలో వాన్నాక్రై పాకింది ఆ దారినే. ఆంధ్రప్రదేశ్‌ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని అప్పట్లో దాని బారిన పడ్డాయి.

కొత్త కంప్యూటర్లకు ప్రతిపాదన పంపేటప్పుడు ఎన్ని కావాలో రాస్తారు గానీ, అవన్నీ ఏ యంత్రానికి కలుస్తాయో రాయరు. రుసుము గడువులు ప్రకటించక ముందే ఆ లెక్క తేల్చుకుంటే విద్యార్థులకు సాయంత్రం బస్సు అందుతుంది.