పని రాగిది... పేరు ఇనుముది!

'పాత ఇనుప సామాన్లు కొంటాం...' అన్న కేక వినపడగానే తుప్పుపట్టిన మేకులూ చిల్లుపడ్డ బకెట్టూ తెచ్చి తూకంలో పడేస్తాం. ఇనుమంటే మనకంత చులకన. రసాయన శాస్త్రవేత్తలు మాత్రం అదే ఇనుముతో పల్లాడియం పని చేయించాలని ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నారు.

మందుల తయారీలో ఒక అణువును మరో అణువుతో అతికించాలంటే ఉత్ప్రేరకం కావాలి. పెళ్లిళ్ల పేరయ్యలాంటిదన్నమాట... ఇద్దరినీ కలిపి తాను పక్కకు తప్పుకుంటుంది. ఈ విద్యలో పల్లాడియం ఘనాపాటి. దాంతో కర్బన అణువుల్ని అతికించే పద్ధతులకే 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ వచ్చింది. కానీ ఆ లోహం ఎక్కువగా దొరికేది రష్యా, దక్షిణాఫ్రికాల్లోనే. 2019లోనైతే బంగారాన్ని మించిన ధర పలికింది. పైగా మింగే మందుల్లో దాని ఆనవాళ్లు రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదన్నది అంతర్జాతీయ నియమం. ఇనుముకు అలాంటి హద్దేమీ పెట్టలేదు.

నిజానికి ఇనుముకు ఈ కొలువు కొత్త కాదు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నైట్రోజన్‌ని అమోనియాగా మార్చి చూపింది ఆస్మియంతో. ఫ్యాక్టరీకి సరిపడా ఆస్మియం ఎక్కణ్నుంచి తెస్తారు? అందుకే బీఏఎస్ఎఫ్ కంపెనీలో ఆల్విన్ మిటాష్ బృందం వేల పదార్థాలను పరీక్షించింది. స్వీడన్ నుంచి వచ్చిన ఓ ఇనుప ఖనిజం అదరగొట్టింది. శుద్ధమైన ఇనుము మాత్రం చతికిలబడింది! ఖనిజంలోని మలినాలే అసలు బలమని తేలింది. వాటిలాంటి ఆక్సైడ్లను కావాలనే ఇనుముకు కలిపి 1913లో జర్మనీలోని ఒప్పావులో ఉత్పత్తి మొదలుపెట్టారు. మన పొలాల్లో చల్లే యూరియాకు కావాల్సిన అమోనియా ఇప్పటికీ ప్రధానంగా ఇనుము చలవే.

అప్పుడు మేలు చేసిన మలినమే తర్వాత బోల్తా కొట్టించింది. జర్మనీలోని ఆఖెన్‌లో కార్‌స్టెన్ బోల్మ్ బృందం 2007లో ఫెర్రిక్ క్లోరైడ్‌తో కార్బన్, నైట్రోజన్‌లను అతికించింది. చవగ్గా పని జరిగిపోయిందని సంబరం. తీరా చూస్తే ఫెర్రిక్ క్లోరైడ్‌ను ఎవరి దగ్గర కొన్నారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతోంది! బోల్మ్, ఎంఐటీకి చెందిన స్టీఫెన్ బుచ్‌వాల్డ్ కలిసి ఆరా తీశారు. పది లక్షల పాళ్లలో కొద్ది పాళ్లున్న రాగి కూడా ఆ పని చక్కబెట్టగలదని తేలింది. 2009లో ఇద్దరి పేర్లతోనే ఆ సంగతి అచ్చయింది. తన ఫలితం మీద తానే అనుమానపడి, అదీ నలుగురికీ చెప్పడం... ఎంతమంది చేస్తారు?

అలాగని అంతా రాగి మాయేం కాదు. జే కోచి 1971లోనే ఇనుముతో కర్బన అణువుల్ని అతికించాడు. ముప్ఫై ఏళ్లు మూలనపడిన ఆ దారిని 2002లో మళ్లీ తెరిచింది ములైమ్‌లోని ఆలోయిస్ ఫుర్స్‌ట్నర్ బృందం. ఇప్పుడు ఎవరైనా 'ఇనుముతో సాధించాం' అంటే మొదటి ప్రశ్న ఒకటే: సీసాలో రాగి ఎంతుంది?