పని ఊళ్లో.. పరిచయాలు హైదరాబాద్‌లో: సీఎస్‌ఆర్ నిధులు సిద్దిపేట ట్రస్టుకు చేరేదెలా?

సిద్దిపేట జిల్లాలో వృద్ధాశ్రమం నడిపే సొసైటీ అయినా, సర్కారు బడికి సాయం చేసే ట్రస్టు అయినా ఆశగా చూసేది కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధుల వైపు. పెద్ద కంపెనీల ఆఫీసులు దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో ఉన్నాయి. ఫౌండేషన్ల ప్రతినిధులు, సీఎస్‌ఆర్ మేనేజర్లు కలిసే సదస్సులూ ఎక్కువగా అక్కడే. దాంతో బాగా పనిచేసే సంస్థ కంటే బాగా చెప్పుకోగలిగే సంస్థ ముందుంటోంది.

ఎవరు ఇవ్వాలి?

కంపెనీల చట్టం-2013లోని సెక్షన్ 135 ప్రకారం నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు.. వీటిలో ఏ ఒక్క పరిమితిని చేరినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ చట్టంలో ఉంది. అది సూచన మాత్రమేనని, తప్పనిసరి కాదని కేంద్రం 2021లో స్పష్టం చేసింది. అంటే జిల్లాలో ఫ్యాక్టరీ ఉన్నంత మాత్రాన నిధులు వాటంతటవే రావు. వెళ్లి అడగాలి.

ఎవరు తీసుకోవచ్చు?

బయటి ట్రస్టు లేదా సొసైటీకి 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లతోపాటు అదే తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు కూడా తప్పనిసరి.

రిపోర్టు ఎందుకంత ముఖ్యం?

ఏటా సగటున రూ.10 కోట్లు, ఆపైన సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలే, అదీ రూ.కోటి, అంతకుమించిన ప్రాజెక్టులకే స్వతంత్ర సంస్థతో ఫలితాల మదింపు చేయించాలి. చిన్న ప్రాజెక్టులకు ఆ నిబంధన లేదు. అక్కడ ట్రస్టు రాసే నివేదికే ప్రధాన సాక్ష్యం. కానీ చిన్న సంస్థల్లో ఇందుకు ప్రత్యేకంగా మనిషి ఉండరు. లెక్కలు రాసే కార్యదర్శే ఫొటోలు తీయాలి, ఇంగ్లిష్‌లో రిపోర్టూ తయారు చేయాలి.

ఆ ఖర్చు అడగొచ్చా?

అడగొచ్చు. 'నిర్వహణ ఖర్చు 5 శాతం దాటొద్దు' అన్న నిబంధనను చాలామంది ట్రస్టులకు అన్వయిస్తారు. నిజానికి అది కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగంపై పెట్టుకునే ఖర్చుకు పరిమితి. ఫలానా ప్రాజెక్టు అమలు, పర్యవేక్షణ, మదింపు కోసం నేరుగా పెట్టే ఖర్చు అందులోకి రాదు. కాబట్టి వివరాల సేకరణ, నివేదిక ఖర్చును ప్రతిపాదనలోనే చూపడం మేలు. కంపెనీ ఉత్పత్తుల ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ మాత్రం సీఎస్‌ఆర్ కిందికి రాదు.

ఫొటోలతో జాగ్రత్త

దాతలను కదిలించేందుకు బాలల సంరక్షణ గృహాల్లోని పిల్లల ముఖాలు చూపడం నేరం. జువైనల్ జస్టిస్ చట్టం-2015లోని సెక్షన్ 74 కింద ఆరు నెలల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అక్కడ పుట్టినరోజు జరిపి స్టేటస్‌లో ఫొటోలు పెట్టేవారూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఏం చేయొచ్చు?

సదస్సుకు వెళ్లలేని సంస్థ దగ్గరికే సదస్సు రావాలి. కలెక్టరేట్‌లో ఏడాదికి రెండుసార్లు కంపెనీలను, స్థానిక సంస్థలను ఒకచోట కూర్చోబెడితే, తెలుగులో రాసిన రెండు పేజీల నివేదికనూ అంగీకరిస్తే చాలావరకు దూరం తగ్గుతుంది. కంపెనీలు తమ సీఎస్‌ఆర్ విధానాన్ని, ఆమోదించిన ప్రాజెక్టులను వెబ్‌సైట్‌లో పెట్టాలన్నది నిబంధన. మీ ప్రాంతంలోని కంపెనీ జాబితాలో మీ ఊరు ఉందో లేదో ఫోన్‌లోనే చూడొచ్చు.