చీకటి ఉంటేనే తోకచుక్క

తోకచుక్క రాకకు పంచాంగం లేదు. సుమారు 76 సంవత్సరాలకొకసారి దర్శనమిచ్చే హేలీ వంటివాటికి శాస్త్రజ్ఞులు తేదీలు చెప్పగలరు గాని, కక్ష్యను చుట్టి రావడానికి 200 సంవత్సరాలకు పైగా తీసుకునే దీర్ఘకాల తోకచుక్కల విషయంలో ఆ వీలు లేదు. సౌరకుటుంబం పొలిమేరల నుంచి చెప్పాపెట్టకుండా వచ్చే ఈ అతిథులు, ఆ రాత్రి ఆకాశాన్ని గాలిస్తున్నవారికే చిక్కుతాయి.

2024 అక్టోబరులో మన దేశంలోనూ కనిపించిన సుచిన్‌షాన్-అట్లాస్ ఉదంతమే ఇందుకు నిదర్శనం. చైనాలోని పర్పుల్ మౌంటెన్ పరిశీలనాలయం దీనిని 2023 జనవరి 9న గుర్తించింది. వెంటనే మరెవరూ ధ్రువపరచకపోవడంతో అది జాబితా నుంచి జారిపోయింది. ఫిబ్రవరి 22న దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపు మళ్లీ పట్టుకున్న తరువాతనే దాని కక్ష్య తేలింది. సూర్యుని చేరకముందే అది ఛిన్నాభిన్నమవుతుందని 2024 జులైలో ఒక అంచనా వెలువడింది. అదీ తప్పింది. సెప్టెంబరు 27న సూర్యుని చుట్టివచ్చి, అక్టోబరు 12న భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి అది సాగిపోయింది. తోకచుక్కల జోస్యం ఎన్నికల జోస్యం కంటే కష్టమనిపిస్తుంది.

తోకచుక్కకు తన పేరు దక్కించుకున్న భారతీయుడు వైణు బప్పు హైదరాబాదులో పెరిగినవారే. ఆయన తండ్రి నిజామియా పరిశీలనాలయంలో పనిచేశారు. నిజాం కళాశాలలో చదివి హార్వర్డ్ వెళ్లిన బప్పు, 1949 జులై 2న తాను తీసిన ఛాయాచిత్రంలో కొత్త తోకచుక్కను గమనించారు. అధ్యాపకుడు బార్ట్ బాక్, సహవిద్యార్థి గోర్డన్ న్యూకిర్క్‌ల పేర్లు కూడా దానికి చేరాయి. అది మళ్లీ రావడానికి దాదాపు 60 వేల సంవత్సరాలు పడుతుందని లెక్క.

స్వదేశానికి తిరిగివచ్చిన బప్పు చీకటిని వెతుక్కుంటూనే గడిపారు. వారణాసిలోని పరిశీలనాలయాన్ని నైనితాల్ కొండలకు తరలించారు. కొడైకెనాల్ బాధ్యతలు చేపట్టిన తరువాత తమిళనాడులోని జవ్వాది కొండలను గాలించి కావలూరును ఎంచుకున్నారు. హైదరాబాదులో కథ వేరుగా నడిచింది. లక్షలాది నక్షత్రాల స్థానాలను నమోదుచేసిన నిజామియా, బేగంపేట దీపాల మధ్య చిక్కుకుపోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపును నెలకొల్పితే, నగరపు వెలుగు అక్కడికీ వెంటబడింది. పోగొట్టుకున్న చీకటిని తిరిగి కొనుక్కోవడం ఏ బడ్జెట్‌కూ సాధ్యం కాదు.

అందుకే లడఖ్‌లోని హాన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని చీకటి ఆకాశ సంరక్షణ క్షేత్రంగా 2022 డిసెంబరులో ప్రకటించడం సరైన నిర్ణయం. సముద్రమట్టానికి 4,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ప్రదేశం దేశంలో మిగిలిన అత్యుత్తమ ఆకాశాలలో ఒకటి. నక్షత్రాలను చూడవచ్చే పర్యాటకులతో పాటే బసలు, వాహనాలు, దీపాలు కూడా వస్తాయి. వారి రాక స్థానికులకు జీవనాధారం కనుక పర్యాటకాన్ని కాదనలేము. నిబంధనలను కాగితంపై వదిలివేయడాన్ని మాత్రం కాదనాలి.

హాన్లేకు కల్పించిన రక్షణను కావలూరుకూ, 3.6 మీటర్ల టెలిస్కోపు ఉన్న దేవస్థల్‌కూ అదే స్థాయిలో వర్తింపజేయాలి. వీధిదీపాల వెలుగు నేలకే పరిమితమయ్యేట్లు పైన మూతలు అమర్చడం, అర్ధరాత్రి దాటాక ప్రకటన బోర్డుల దీపాలు ఆర్పివేయడం వంటివి జిల్లా యంత్రాంగం చేయగలిగిన పనులే. వీటివల్ల పంచాయతీల విద్యుత్ బిల్లు కూడా కొంత తగ్గుతుంది.