నిద్రవేళ పాట

మా పక్క మేడలో వుండే సర్దార్‌గారు పోయి నెల దాటింది. సికిందరాబాదులో మోటారు సామాన్ల దుకాణం నడిపి, కొడుక్కి అప్పగించి, పదేళ్లుగా యింటిపట్టునే వున్న మనిషి. ఆయన తెలుగులో పంజాబీ యాస వెతికినా దొరికేది కాదు. దొరకదు మరి! ఆయన పూర్వులు 1832లో మహారాజా రంజిత్ సింగ్ నిజాముకు పంపిన పటాలంతో వచ్చి, హైదరాబాదులోనే వుండిపోయినవారు.

రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆయన మేడమీది వరండాలో పడక్కుర్చీలో కూర్చుని సన్నగా యేదో పాడుకునేవారు. పావుగంట కూడా పట్టేది కాదు. ఆ పాట ఆగిందంటే మా యింట్లో దీపాలార్పే వేళ అయిందన్నమాట. మా అమ్మకు అదే గడియారం. పొరుగున యిరవయ్యేళ్లు కాపురముండి, తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతూ, అది యేం పాటో ఒక్కనాడైనా అడిగానా? లేదు.

కబురు తెలిసి నేను వెళ్లేసరికి స్నానం చేయించి, ఉతికిన బట్టలు తొడిగి, తలపాగా చుడుతున్నారు. కుడిచేతికి ఉక్కు కడియం అలాగే వుంది. మన యిళ్లల్లో వేలి ఉంగరం కూడా వుంచరు గదా! హడావుడిలో మరిచారేమోనని కొడుకు చెవిలో మెల్లగా చెప్పాను.

"అది నగ కాదు, మాస్టారూ" అన్నాడతను. "అలాగే వుండాలి."

1699లో వైశాఖి పండుగనాడు ఆనందపూరులో గురు గోవిందసింగు ఖాల్సాను నెలకొల్పారని చరిత్ర పాఠంలో చదువుకున్నాం. కేశాలు, దువ్వెన, కడియం, కచ్చడం, కృపాణం: పంజాబీలో అయిదూ 'క'కారంతోనే మొదలవుతాయి. దీక్ష పుచ్చుకున్నవాడు బతికినన్నాళ్లూ వాటిని విడవడని తెలుసు. పోయిన తర్వాత కూడా విడవడని మాత్రం ఆ పూటే తెలిసింది. చిన్న కొయ్యదువ్వెన జుట్టుముడిలో దోపి, దానిమీద తలపాగా చుట్టారు. ఎవరికీ కనిపించని దువ్వెన, కాలిపోయే దువ్వెన. అయినా ఎంత జాగ్రత్తగా దోపారో!

"ఆఖరున కిందికి దించారా?" అని అడిగాను. అలవాటు ప్రశ్న.

"ఎందుకండీ? మంచంమీదే పోయారు. దించకూడదు మాకు."

నాకు మరి మాట రాలేదు. మా నాన్నగారికి ప్రాణం పోతున్నదనగా పెద్దలంతా పట్టుబట్టి ఆయన్ను దర్భలు పరిచిన నేలమీదికి దించారు. పుష్యమాసం. ఆయన నా చెయ్యి పట్టుకుని, "చలిరా" అన్నారు. అదే చివరి మాట. శాస్త్రం చెప్పినట్టే చేశాం, తప్పని యెవరూ అనరు. కాని ఆ మాట పన్నెండేళ్లుగా నా చెవిలో వుంది.

తర్వాత వారి నియమావళి సంపాదించి చదివాను. సిక్కు రహిత్ మర్యాద అంటారు. 1945లో శిరోమణి గురుద్వారా ప్రబంధక కమిటీ ఆమోదించినది. మరణశయ్యమీది మనిషిని మంచం దించరాదు, దీపం పెట్టరాదు, గోదానం చేయించరాదు. దగ్గరున్నవారు గురువాణి చదవాలి, లేదా 'వాహెగురు' నామం పలకాలి. గుండెలు బాదుకోరాదు. దహనానికి పగలూ రాత్రీ పట్టింపు లేదు. కపాలమోక్షం వద్దు, పిండాలు వద్దు, సమాధి కట్టవద్దు. ఇన్ని 'వద్దు'ల మధ్య చేయవలసినది చదవడం, పాడడం, ప్రార్థించడం.

శ్మశానానికి ఆడవాళ్లు కూడా వచ్చారు. పెద్దకోడలు ముందువరుసలోనే వుంది. కొడుకు నిప్పంటించాడు. చితి బాగా అంటుకున్నాక అందరూ కలిసి ఒక పాట అందుకున్నారు. రెండో చరణంలోనే గుర్తుపట్టాను. అది మా తొమ్మిదిగంటల పాట!

కీర్తన్ సోహిలా దాని పేరట. అయిదు కీర్తనలు. మూడు నానక్‌వి, ఒకటి నాలుగో గురువు రామదాసుది, ఒకటి అయిదో గురువు అర్జునదేవుది. ప్రతి సిక్కూ రాత్రి పడుకోబోయేముందు చదువుకునేదీ అదే, చితిముందు చదివేదీ అదే. మొదటి కీర్తనలో లగ్నం నిశ్చయమైన పిల్ల అత్తవారింటికి బయలుదేరుతూ తనవాళ్లను దీవెనలడుగుతుందని ఆ అబ్బాయి చెప్పాడు. అప్పగింతల పాటలు పాడుకునే మనకు యింతకంటె వివరించాలా? మూడోది హారతి; ఆకాశాన్నే పళ్లెంగా, సూర్యచంద్రులనే దీపాలుగా భావించిన పాట. నానక్ దాన్ని పూరీ జగన్నాథంలో పాడారని వారి సంప్రదాయం.

దహనం కాగానే గురుద్వారాలో ఆనంద్ సాహెబు చదివి ప్రసాదం పంచారు. పెళ్లిళ్లలోనూ అదే చదువుతారట. నేను ప్రసాదం యింటికి తెస్తే మా అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "చావింటి నుంచి తీపా? ముందు నూతిదగ్గరికి నడు" అంది. నూయి పూడ్చి పదిహేనేళ్లయింది గాని, ఆజ్ఞ మారలేదు. కుళాయికిందే తల తడుపుకున్నాను.

అటుపైన 1430 పుటల గ్రంథసాహెబును తొలి పుట నుంచి చదవడం మొదలుపెట్టి పదోనాటికి ముగించారు. ఆవేళ అమ్మ తనంతట తానే చెంగు తలమీదికి లాక్కుని బయలుదేరింది. అందరితో పాటు కింద కూర్చుంది. కొడుకు తలకు పెద్దలు పాగా చుడుతుంటే చూసింది. ప్రసాదం దోసిట పట్టి, కళ్లకద్దుకుని, నోట వేసుకుంది. "గోధుమపిండీ, పంచదారా, నెయ్యీ సమపాళ్లుట. నెయ్యికి వెనకాడలేదు సుమా!" అంది, తిరిగివస్తూ.

అస్థులు యేరడం కూడా లేదు. బూడిదంతా ఒక్కటిగా తీసి పారేనీటిలో కలిపేయడమే. చాలామంది పంజాబులోని కీరత్‌పూరుకు తీసుకువెళ్లి సట్లెజిలో కలుపుతారు. మా సర్దార్‌గారి అబ్బాయి నాందేడు వెళ్లాడు. గురు గోవిందసింగు 1708లో కన్నుమూసిన చోటు అది, గోదావరి గట్టున. మా నాన్నగారిని నేను రాజమండ్రిలో కలిపాను. అదే నది, కాస్త దిగువన.

మొన్నరాత్రి తొమ్మిదింటికి పక్క మేడమీద మళ్లీ పాట వినిపించింది. కొడుకు గొంతు. తండ్రిది సన్నం, యితనిది బొంగురు. రెండుచోట్ల తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. పూర్తయ్యేదాకా ఊరుకుని, "ఇక పడుకోండర్రా" అంది అమ్మ.