మనం కొన్నది మన దగ్గర ఉండాలి

2014 డిసెంబరులో యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి సంస్థ ‘ది క్రూ’ అనే కార్ల పందేల ఆటను విడుదల చేసింది. ఇక్కడ, అమెరికాలో పెరిగిన మన పిల్లల్లో చాలామందికి ఆ పేరు తెలుసు. పెద్దలకు తెలియకపోవచ్చు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అమెరికా మొత్తాన్ని కుదించి ఆ ఆటలో పెట్టారు. కథ డెట్రాయిట్‌లో మొదలవుతుంది. అక్కణ్ణించి చికాగో, డాలస్, లాస్ వేగస్ మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో దాకా ఎక్కడా ఆగకుండా కారు నడుపుకుంటూ వెళ్లిపోవచ్చు. ఈ తీరం నుంచి ఆ తీరానికి సుమారు ముప్పావు గంట పడుతుంది. పందెంలో దిగాలనే నియమం లేదు. కొండలు, ఎడారులు, పొలాలు చూసుకుంటూ ఊరికే తిరగొచ్చు. అలా తిరగడానికే ఆ ఆటను ఇష్టపడ్డవాళ్లు ఎందరో ఉన్నారు.

2024 మార్చి 31న దాని సర్వర్లు ఆపేశారు. ఒక్కరే కూర్చుని ఆడుకున్నా సరే, ఆ ఆట ఎప్పుడూ కంపెనీ సర్వర్‌కు తగులుకునే ఉండాలి. దాన్ని అలాగే తయారుచేశారు. అందుకని సర్వర్ ఆగిన రోజున ఆట మొత్తం ఆగిపోయింది. దుకాణంలో డబ్బిచ్చి కొన్న డిస్కు కూడా ఎందుకూ కొరగాకుండా పోయింది. తర్వాత కొద్దిరోజులకు, కొన్నవాళ్ల ఖాతాల్లో ఉన్న లైసెన్సులను సైతం కంపెనీ వెనక్కి తీసేసుకుంది.

“వీడియో గేమే కదా, పోతే పీడా పోయింది, ఆ టైములో నాలుగు లెక్కలు చేసుకుంటాడు” అనే మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. ఆ మాట వెనక ఉన్న బెంగ నాకు తెలుసు. గంటల తరబడి తెరకు అతుక్కుపోయిన బిడ్డను చూస్తే ఏ తల్లికైనా కంగారే. కానీ ఒక సంగతి గమనించండి. న్యూజెర్సీలో పుట్టిన పిల్లవాడికి గుంటూరులో ఉన్న మేనత్త కొడుకుతో చుట్టరికం ఎక్కడ పెరుగుతోంది? రెండు మూడేళ్లకోసారి వెళ్లి, బంధువుల ఇళ్లన్నీ చుట్టబెట్టి వచ్చే ఆ కొద్ది రోజుల్లో ఏం పెరుగుతుంది? వారాంతాల్లో, ఇక్కడ పొద్దున్న, అక్కడ రాత్రి, ఇద్దరూ హెడ్‌సెట్లు తగిలించుకుని ఆటలో కలుసుకుంటున్నారు. “బావా, వెనక చూసుకో!” అని నోరారా అరవడం మన పిల్లలు ఆ మైకులోనే నేర్చుకున్నారు. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఇంటి అరుగు మనకు ఏమిచ్చిందో, వాళ్లకు ఆ ఆట అదే ఇస్తోంది. అలాంటి చోటును ఒక కంపెనీ తన లెక్కలు చూసుకుని, ఫలానా తేదీ నుంచి ఉండదని ప్రకటించి మూసేస్తుంటే, అది పిల్లల గొడవలే అని పక్కన పెట్టడం నాకు చేతకాదు.

అమ్మిన ఆటను కంపెనీ ఇలా వెనక్కి తీసేసుకోవడం చట్టరీత్యా ఎలా కుదిరిందో తెలుసుకోవాలి. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ఒక నవల మీద వచ్చిన తగాదాను తీర్చింది. బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ ఆ పుస్తకం లోపల, డాలరు కంటే తక్కువకు అమ్మరాదని అచ్చువేసింది. మేసీస్ దుకాణం వాళ్లు 89 సెంట్లకే అమ్మారు. ప్రచురణకర్త కోర్టుకెక్కాడు. ఒకసారి అమ్ముకున్నాక ఆ ప్రతి మీద నీ పెత్తనం చెల్లదని న్యాయమూర్తులు తేల్చిచెప్పారు. పాత పుస్తకాల దుకాణాలు, చదివేసిన నవలను స్నేహితురాలి చేతిలో పెట్టే మన అలవాటు ఆ సూత్రం అండతోనే సాగుతున్నాయి. సాఫ్ట్‌వేర్ వ్యాపారం దాన్నుంచి తప్పించుకునే దారి వెతుక్కుంది. మేము వస్తువును అమ్మడం లేదు, వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇస్తున్నాం అని ఒప్పందపత్రంలో రాసుకుంది. ఆటోక్యాడ్ పాత ప్రతులను ఈబేలో అమ్మబోయిన ఒకాయన కేసులో, 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ వాదనకే మొగ్గింది. అప్పటికి అది ఇంజనీర్లు వాడే ఖరీదైన సాఫ్ట్‌వేర్ సంగతి. ఇప్పుడు మన ఇంట్లో ప్రతి గదికీ ఆ ఒప్పందం వచ్చేసింది.

పుస్తకాల గది సంగతి చూడండి. 2009 జులైలో అమెజాన్, జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’, ‘యానిమల్ ఫామ్’ ప్రతులను పాఠకుల కిండిల్ పరికరాల్లోంచి దూరం నుంచే చెరిపేసింది. వాటిని అమెజాన్ దుకాణంలో పెట్టిన సంస్థకు హక్కులు లేవని తెలియడం దానికి కారణం. డబ్బు తిరిగి ఇచ్చారు, జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అయినా, బడి పని కోసం ఒక హైస్కూలు విద్యార్థి ఆ పుస్తకంలో రాసుకున్న నోట్సు ఎందుకూ పనికిరాకుండా పోయింది. పదేళ్లు తిరిగేసరికి, 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసింది. కొన్న పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. అక్కడ కూడా డబ్బు వెనక్కి వచ్చింది, పుస్తకాల్లో గుర్తులు పెట్టుకున్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చారు. తన ఆలోచనలను అంచుల్లో రాసుకున్న మనిషికి ఏ లెక్కన 25 డాలర్లు సరిపోతాయో నాకు బోధపడదు.

గోడ మీద థర్మోస్టాట్‌దీ అదే దారి. నెస్ట్ అనే బ్రాండు మొదటి, రెండో తరం పరికరాలను 2025 అక్టోబరు 25 నుంచి ఫోను యాప్‌తో నడపడం కుదరకుండా పోయింది. అయితే అందులో ఒక మంచి ఉంది: గోడ దగ్గరకు వెళ్లి చేత్తో తిప్పితే అది ఇప్పటికీ ఇల్లు వెచ్చబరుస్తుంది. సర్వర్ ఉన్నా లేకపోయినా అసలు పని ఆగకుండా వస్తువును తయారుచేయొచ్చని దాన్ని చూస్తే తెలుస్తోంది.

ఈ నష్టం రుచి తెలుగువాళ్లకు ఎప్పుడో తెలుసు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. ఆనాడు దాన్ని దాచిపెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో గాని మొదలు కాలేదు, అప్పటికే పోవలసినవి పోయాయి. ఇంటర్నెట్లోనూ అంతే. యూనికోడ్ ఇంకా ఇంటింటికీ రాని రోజుల్లో, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టుకుంటూ ప్రవాసాంధ్రులు సాహిత్యం మీద వాదించుకున్న ‘రచ్చబండ’ యాహూ గ్రూపుల్లో ఉండేది. 2019 చివర్లో యాహూ ఆ గ్రూపుల్లోని పాత ఉత్తరాలను తీసేస్తానని ప్రకటించింది. 2020 డిసెంబరులో గ్రూపులే మూతపడ్డాయి. ముందుచూపుతో ఎవరైనా దింపుకుని దాచుకున్నవి మిగిలాయి. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడినప్పుడు మన కాలేజీ రోజుల కబుర్లు ఎన్ని పోయాయో మనలో చాలామందికి అనుభవమే. అవి ఉచితంగా దొరికినవి కదా, అడిగే హక్కేముంది అని అప్పుడు సర్దుకున్నాం. ఇప్పుడు పోతున్నవి మనం డబ్బిచ్చి కొన్నవి.

ఆటల విషయంలో నష్టం ఎంత లోతుగా ఉందో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కగట్టింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం అప్పటికే బజారులో దొరకడం లేదు. పోనీ, గ్రంథాలయాలు భద్రపరిచిన పాత ఆటలను పరిశోధకులకు దూరం నుంచి చూసే వీలు కల్పించమని అడిగితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం ఒప్పుకోలేదు. యూనివర్సిటీలో పాత ఆటల మీద పరిశోధన చేద్దామనుకునే మన అమ్మాయి, వాటికోసం విమానం ఎక్కి ఆ గ్రంథాలయం దాకా వెళ్లాలన్నమాట.

‘ది క్రూ’ పోయాక ఊరుకోని మనిషి ఒకరున్నారు. రాస్ స్కాట్ అనే ఆయన యూట్యూబులో ఆటల గురించి వీడియోలు చేస్తారు. 2024 ఏప్రిల్లో ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ పేరుతో ఉద్యమం మొదలుపెట్టారు. యూరోపియన్ యూనియన్‌లో పౌరులు 10 లక్షల సంతకాలు కూడగడితే ప్రభుత్వ యంత్రాంగం ఆ విషయం మీద జవాబు చెప్పి తీరాలి. ఉద్యమకారులు అక్కడ పెట్టిన, ఏడాది గడువు ఉన్న పిటిషను చివరి రోజుల దాకా నీరసంగానే నడిచింది. 2025 జూన్, జులైలలో ఒక్కసారిగా ఊపందుకుని 14 లక్షలు దాటింది. బ్రిటన్‌లో వేరుగా పెట్టిన పిటిషనుకు లక్ష సంతకాలు దాటడంతో పార్లమెంటులో చర్చ జరిగింది. ఆ సంతకాల్లో ఎక్కువ భాగం కుర్రకారువే అయి ఉంటాయి. తాము కొన్న వస్తువు మీద తమ హక్కు కోసం, పద్ధతిగా, చట్టం చూపిన దారిలో వెళ్లి అడిగారు. మన పిల్లలకు పౌరశాస్త్రం చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించడం లేదు.

అమెరికాలో కాలిఫోర్నియా ఒక అడుగు వేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, అమ్ముతున్నది లైసెన్సే అయితే ఆ మాట కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పకుండా ‘బై’ అన్న మీట పెట్టకూడదు. ఆటలు అమ్మే స్టీమ్ దుకాణం చట్టం అమలుకు ముందే, 2024 అక్టోబరులోనే ఆ హెచ్చరికను తగిలించింది. మంచిదే. కానీ ఆ చట్టం అంతటితో ఆగిపోయింది. నీ వస్తువు ఎప్పుడైనా పోవచ్చు సుమా అని ముందే చెప్పి, ఆ తర్వాత తీసేసుకుంటే, తీసేసుకోవడం ధర్మం అయిపోతుందా? మోసం తగ్గింది, అన్యాయం అలాగే ఉంది.

కంపెనీల వాదనను కూడా నిజాయితీగా చూద్దాం. సర్వర్లను కలకాలం నడపాలంటే డబ్బవుతుంది, ఆడేవాళ్లు పదిమంది మిగిలినా నడపమంటే ఎలా అంటున్నారు. ఆటగాళ్లే సొంత సర్వర్లు పెట్టుకుంటే అక్కడ జరిగే బూతులకు, పిల్లల భద్రతకు పూచీ ఎవరిదని అడుగుతున్నారు. పాటలకు, కార్ల బొమ్మలకు తీసుకున్న అనుమతుల గడువు తీరిపోతుందని చెబుతున్నారు. ఇవి ఉత్తుత్తి సాకులని నేను అనను. కానీ ఉద్యమం అడుగుతున్నది వేరు. సర్వర్లు ఎల్లకాలం నడపమని ఎవరూ అనడం లేదు. ఆపే ముందు, కొన్నవాడు తన ఇంట్లో ఆడుకునేలా చివరిసారిగా ఒక మార్పు చేసి ఇవ్వమంటున్నారు. అది కుదిరే పనే అని అదే యూబీసాఫ్ట్ చూపించింది: నిరసనల తర్వాత, ‘ది క్రూ 2’ను ఇంటర్నెట్ లేకుండా ఆడుకునే ఏర్పాటు చేస్తామని 2024 సెప్టెంబరులో ప్రకటించింది. గూగుల్ తన స్టేడియా ఆటల సేవను 2023 జనవరిలో మూసినప్పుడు, కొన్నవాళ్లకు ఆటల సొమ్ము, పరికరాల సొమ్ము తిరిగి ఇవ్వడమే కాకుండా, చేతిలో మిగిలిపోయిన కంట్రోలర్‌ను బ్లూటూత్‌తో మామూలుగా వాడుకునే వీలు కూడా కల్పించింది. ఆ పరికరం చెత్తబుట్టలో పడకుండా బతికింది. గౌరవంగా దుకాణం కట్టేయడం అంటే అలా ఉండాలి.

ఈ పత్రిక చదివేవారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎందరో చెప్పనక్కర్లేదు. లాగిన్ తెరలు, సర్వర్లు, లైసెన్సు తనిఖీలు రాసే చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పుణేలో యూబీసాఫ్ట్ స్టూడియోలు నడుస్తున్నాయి. ఏళ్ల తరబడి శ్రమపడి కట్టిన ఆట ఒక తేదీ తర్వాత ఎక్కడా కనబడకపోతే, దాన్ని చేసినవాళ్లకూ తమ పని చూపించుకునే ఆధారం మిగలదు. కొత్త ఉత్పత్తి రూపురేఖలు గీసే సమావేశంలో “సర్వర్ ఆగిన రోజున దీని సంగతేమిటి?” అని అడగండి. ఆ ప్రశ్న మొదట్లో అడిగితే ఖర్చు తక్కువ. పదేళ్ల తర్వాత అడిగితే ఎవరి దగ్గరా సమాధానం ఉండదు. ఓటు హక్కు ఉన్నవారు మీ రాష్ట్ర శాసనసభ్యులకు ఒక ఉత్తరం రాయండి. కాలిఫోర్నియా చట్టం లాంటిది మన దగ్గరా కావాలని, దానికి కొనసాగింపుగా ఆటను ఆడదగిన స్థితిలో వదిలిపెట్టే బాధ్యత కూడా కలపాలని అడగండి. పిల్లలకు పుట్టినరోజు కానుకగా ఆట కొనేటప్పుడు, ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందో లేదో పెట్టె వెనక చూడండి. పోలెండ్‌కు చెందిన జీఓజీ లాంటి దుకాణాలు ఆట మొత్తాన్ని మన డిస్కులోకి దింపుకుని దాచుకోనిస్తాయి. ధర ఒకటే అయినప్పుడు అలాంటిచోట కొనడం మేలు.

సంఘంగా మనం చేయగలిగినది కూడా ఉంది. ఈ సంచిక నుంచి మన పత్రిక పీడీఎఫ్ ప్రతిని ఎవరైనా, ఏ ఖాతా తెరవకుండా, దింపుకుని దాచుకోవచ్చు, ఇతరులకు పంపవచ్చు. పాత సంచికల అచ్చు ప్రతులు కొన్ని మా దగ్గర లేవు. తొలి రోజుల ఉగాది, సంక్రాంతి కార్యక్రమాల వీహెచ్ఎస్ క్యాసెట్లు కూడా కొందరి బేస్‌మెంట్లలో ఉన్నాయని విన్నాం. మీ దగ్గరున్న పాత సంచికలను, అరిగిపోకముందే ఆ క్యాసెట్లను మాకు అందించండి. డిజిటల్ ప్రతి తీసి, అసలువి మీకు జాగ్రత్తగా వెనక్కి ఇస్తాం. ఆ పని చేయడానికి మన యువజన విభాగంలోని పిల్లలు ముందుకొచ్చారు. పరికరాలు సిద్ధంగా ఉన్నాయి. కార్యవర్గ సభ్యుల్లో మీకు దగ్గరలో ఉన్నవారికి ఒక్క ఫోను చేస్తే, వాళ్లే వచ్చి తీసుకెళ్తారు.