తప్పుడు బిల్లు కంటపడితే ముందు లాయరు దగ్గరికి

"వీసా మీద ఉన్నాం, మనకెందుకమ్మా?" అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు పెద్దలు చెప్పే మాట ఇది. న్యూజెర్సీలో మెడికల్ బిల్లింగ్ చేసే నేను దీన్ని ఒప్పుకోను.

ఈ మధ్య మా ఊరి అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. "అక్కా, పది నిమిషాలు కూడా చూడని పేషెంట్లకు 99215 అనే బిల్లింగ్ కోడ్ వేయమంటున్నారు." టైము లెక్కన వేస్తే ఆ కోడ్‌కు కనీసం 40 నిమిషాలు ఉండాలి. డబ్బు కట్టేది ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్. ఆ అమ్మాయి జీతంలోంచి కూడా దానికోసం 1.45 శాతం కోస్తారు. మరి మనకెందుకు అని ఎలా అంటాం?

అయినా, తొందరపడొద్దనే చెప్పాను. జబ్బు క్లిష్టమైనదైతే తక్కువ టైములోనూ ఆ కోడ్ చెల్లుతుంది. ఒకటి రెండు పొరపాట్లు మోసం కావు. తెలిసి చేశారా, రోజూ అదే తంతా, నువ్వు స్వయంగా చూశావా? వీటికి జవాబుంటేనే ముందుకెళ్లాలి.

లింకన్ హయాంలో, 1863లో, సైన్యాన్ని మోసగించిన కాంట్రాక్టర్ల మీద తెచ్చిన ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ ఇప్పటికీ పదునుగానే ఉంది. ప్రభుత్వం తరఫున మామూలు మనిషి దావా వేయొచ్చు. గెలిస్తే వసూలైన దాంట్లో సాధారణంగా 15 నుంచి 30 శాతం వాటా వస్తుంది. దావా మొదట కనీసం 60 రోజులు గుట్టుగా ఉంటుంది. అదే మోసం మీద ముందు వేసినవారికే హక్కు. అందుకే ఆఫీసులో ఎవరితోనూ అనకముందే లాయరును కలవాలి. పేషెంట్ల కాగితాలు ఏవి తీసుకోవచ్చో కూడా ఆయన్నే అడగాలి.

డబ్బు కోసమే అయితే దిగొద్దు. రాన్‌బాక్సీ అనే మందుల కంపెనీ మోసాన్ని బయటపెట్టిన దినేశ్ ఠాకూర్ 2005లో ఉద్యోగం వదిలి, 2007లో దావా వేశారు. 2013లో కంపెనీ 50 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆయనకు 4.8 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. కానీ అంతకాలం నిలబడాలి కదా!

కక్షగట్టి తీసేస్తే ఉద్యోగం తిరిగి ఇప్పించి, పోయిన జీతానికి రెట్టింపు ఇప్పించే సెక్షన్ ఈ చట్టంలో ఉంది. అయితే ఉద్యోగం పోయిన హెచ్-1బీ మనిషికి మామూలుగా దొరికే గడువు 60 రోజులే. ఈ భయం నిజమైనది. అందుకే వీసా లాయరు సలహా కూడా ముందే తీసుకోవాలి.

పన్నుల మీద, గ్రీన్‌కార్డుల మీద సదస్సులు పెట్టే మన తెలుగు సంఘాలు ఈ చట్టం మీద కూడా ఒకటి పెట్టాలి. దావా వేయాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం. ఆ నిర్ణయం భయంతో కాక, తెలివిడితో తీసుకునేలా చూడటం మన బాధ్యత.