విద్యార్థుల తోడ్పాటు

మన సంఘములకు పని హెచ్చు, చేతులు తక్కువ. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో చేరిన 350ఎ అధికరణము రాష్ట్రములను, స్థానిక సంస్థలను ఆదేశించుచున్నది. కాని ఏ వీధిలో ఎందరు తెలుగు పిల్లలున్నారో చెప్పలేని సంఘము ఏ ముఖముతో అర్జీ పెట్టుకొనగలదు?

ఇంటింటి లెక్క తీయుటకు విశ్వవిద్యాలయ విద్యార్థులు తగినవారు. 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకము వారిని సమాజసేవకు ప్రోత్సహించుచున్నది. మదరాసు, బెంగుళూరు విశ్వవిద్యాలయములలో తెలుగు శాఖలు కలవు. వారికి పరిశోధనకు విషయము, మనకు అర్జీకి ఆధారము లభించును.

వారిని తోరణములు కట్టుటకు మాత్రమే పిలువరాదు. పెద్దలు వెంట నడిచి ఇండ్లు చూపవలెను. సిద్ధమైన పట్టిక ప్రతి యొకటి సంఘమున నిలువవలెను. లెక్కకు రాని జనుల మొర ఎవరు విందురు?